సంచి ఆరేసిన గురువారం

హార్మెన్ గారికి ఆ గురువారం ఉన్న పని ఒక్కటే, సంచి ఆరేసుకోవడం. ముప్పై ఏళ్ళు నిఘంటువు కార్యాలయానికి మోసిన తోలుసంచి అది. అటకమీద పెట్టెలో పడి బూజు వాసన పట్టింది. అదే పెట్టెలో ఉన్న జెండాకూ అదే వాసన. పెరట్లో ఎండ రాదు. వీధివైపు గోడకు జెండా కర్ర దూర్చే గొట్టం ఉంది, అక్కడ ఎండ దంచేస్తుంది. కర్రకు జెండా తొడిగి, కొసన సంచి తగిలించి, లోపలికెళ్ళి కాఫీ పెట్టుకున్నారు. ఒక కప్పే.

ఆ రోజు హైస్కూలు ఆఖరి పరీక్షల ఫలితాలని మా డచ్చి ఊరు జుట్‌ఫెన్‌లో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. పిల్లలు లేని ఇంటికి ఆ తేదీ ఎందుకు గుర్తుంటుంది? పిల్లలు పరీక్ష నెగ్గిన ఇంటిముందు జెండా, జెండా కర్రకు బడిసంచి కట్టడం ఇక్కడి ఆనవాయితీ. అవి కనబడ్డాక తలుపు తట్టి చెయ్యి కలపకుండా పోయేవాణ్ణి మా వీధిలో మనిషిగా లెక్కపెట్టరు. మామూలు రోజుల్లో మాత్రం ఆయన తలుపు తట్టినవాళ్ళు లేరు. భార్య హిల్లె పోయి మూడేళ్ళు. నవంబరులో కరెంటు మీటరు చూసుకోవడానికి ఎవరో వచ్చాక ఆ తలుపుగంట మళ్ళీ మోగలేదు. చుట్టూ ఉన్నది మేమే, సిగ్గులేకుండా చెబుతున్నాను.

మూడింటికి గంట మోగింది. ఎదురింటి తీనెకె. మా ఊరి మర్యాద ప్రకారం ఆయన బుగ్గలమీద మూడు ముద్దులు పెట్టి అభినందనలంది. ఆయన జీవితమంతా ఇలాంటి మాటలతోనే గడిపారు. గెలవడం, నెగ్గడం, పాసవడం, సాధించడం, గట్టెక్కడం, వీటిలో ఏది ఎక్కడ వాడతారో చీటీలమీద నిఘంటువుకి రాసిచ్చింది ఆయనే. బల్ల సొరుగులో ఆ చీటీలు ఇంకా ఉన్నాయి. ఆ మాటల్లో ఒక్కటైనా ఎవరైనా తనతో అని ఎన్నాళ్ళయిందో పాపం. నోరు దానంతటదే "చాలా సంతోషం" అనేసింది. దాంతో కొంప మునిగింది.

"పాసైంది ఎవరండీ?" అంది తీనెకె, లోపలికి తొంగిచూస్తూ.

ఇంట్లో ఇంకో మనిషి ఉంటేగా! నిజం చెబితే ఆవిడ నవ్వేసి రోడ్డు దాటి వెళ్ళిపోతుంది. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు.

"నేనే," అన్నారు.

పావుగంటలో వీధంతా పాకింది. బేకరీ డౌవె కేకు పట్టుకొచ్చాడు. ఏం పరీక్షో ఆయన చెప్పలేదు, మేమే తేల్చుకున్నాం. ప్రతి మంగళవారం చేతిసంచితో ఎక్కడికో వెళ్తారు కదా, అది రాత్రిబడే అన్నాడు డౌవె. నాలుగింటికి అది ఇటాలియన్ భాష అయింది. ఐదింటికల్లా ఆయన ఇల్లు అమ్మేసి ఇటలీ వెళ్ళిపోతున్నారు, ఆ ఇల్లు తనకిమ్మని మూలింటాయన చాటుగా అడిగేశాడు కూడా.

కూర్చోవడానికి ఆ ఇంట్లో రెండే కుర్చీలు. ఒకదానిమీద హిల్లె శాలువా ఉంది, దాన్ని ఆయన ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అందుకని ఎవరి కుర్చీ వాళ్ళం మోసుకొచ్చుకుని పదకొండుమందిమి గుండ్రంగా కూర్చున్నాం. ఆయన కాఫీ పోస్తూనే ఉన్నారు. కప్పు ఖాళీ అయితే ఆ మనిషి లేచి వెళ్ళిపోతారేమోనని ఆయన భయం. అది మాకు తర్వాత అర్థమైంది.

"ఒక్క ముక్క ఇటాలియన్‌లో మాట్లాడండి, వింటాం," అన్నాడు డౌవె.

హార్మెన్ గారు కాఫీ కూజా కింద పెట్టారు. "నాకు రాదు. నేను ఏ పరీక్షా రాయలేదు. సంచి బూజుపట్టింది, ఆరేశాను. అంతే."

"మరి మంగళవారాలు?" అంది తీనెకె.

"హిల్లె సమాధి దగ్గరికి. మొక్కలకు గొప్పు తవ్వాలి కదా."

"ఆ మాటేదో తలుపు దగ్గరే చెప్పకపోయారా?"

"చెబితే లోపలికి వచ్చేవారా?"

వచ్చేవాళ్ళం కాదు. నా మటుకు నేను కిటికీలోంచి చెయ్యూపి ఊరుకునేవాణ్ణి. ఇక అయిపోయిందనుకున్నారాయన. దగ్గరున్న కుర్చీ ఎత్తి, సాగనంపడానికి తలుపువైపు నడిచారు.

అది తీనెకె కుర్చీ. ఆవిడ లేచి వెళ్ళి, ఆయన చేతిలోంచి తీసుకుని, మళ్ళీ ఉన్నచోటే పెట్టింది.

"ఇక్కడే ఉండనివ్వండి. రేపొచ్చి పట్టుకెళ్తాను. పరీక్ష మాటెలా ఉన్నా, సాయంత్రం మాత్రం పాసైందండీ."

డౌవె తనకు శనివారంగాని కుదరదన్నాడు. నేను ఆదివారం అన్నాను. మూలింటాయన, ఇల్లు దక్కదని తెలిసి కూడా, సోమవారం ఖాయం చేసుకున్నాడు. అలా పదకొండు కుర్చీలకూ పదకొండు రోజులు పట్టాయి.

మేం వెళ్ళాక ఆయన సొరుగులోంచి ఒక చీటీ తీశారట. పాసవడం అన్న మాటకు మా భాషలో ఉన్న మూడో వాడుక అది, నలుగురు కలిసిన పొద్దు బాగా గడిస్తే అనేది. దానికి ఉదాహరణ ఎవరి నోటా వినక, అప్పట్లో ఊహించి రాశానని ఆదివారం నాతో చెప్పారు. ఇప్పుడు దాన్ని కొట్టేసి తీనెకె మాట రాసి, తేదీ వేసుకున్నారు.

శుక్రవారం పొద్దున్నే వాన పట్టుకుంది. ఆ సందట్లో రాత్రంతా బయటే ఉండిపోయిన సంచి మాత్రం ఆరలేదు.