నలభై ఒక్క రోజుల మంచితనం

ధర్మపురి పట్టణవాసులకు తెలియజేయడమేమనగా, 1985వ సంవత్సరం కార్తిగై నెల మొదటి తేదీన బజారు వీధి జవుళి వర్తకుడు చిన్నసామి మంచివాడు కావడం ప్రారంభించాడు. పని నలభై ఒక్క రోజుల్లో పూర్తి కావలసి ఉంది. దీనికి ఎవరూ దండోరా వేయలేదు. నల్ల పంచె కట్టి, మెడలో తులసి మాల వేసుకుని, చెప్పులు లేని కాళ్ళతో చిన్నసామే వీధిలోని ప్రతి అంగడి మెట్టూ ఎక్కి చెప్పాడు.

"అయ్యప్ప సామికి మాల వేసినాను. ఇంక నాకు కోపం రాదు," అన్నాడు.

ఎదురు కిరాణా అంగడి రామసామి వినీ విననట్టు తల ఆడించాడు. దానికి చిన్నసామి వీధి చివరిదాకా వినబడేట్టు అరిచాడు. మొదటి రోజు గనుక దీన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

మూడు వందల ఏళ్ళ కిందట ఉత్తరం నుంచి ఈ తమిళ సీమకు వచ్చి ఇక్కడే నిలిచిపోయిన తెలుగు వర్తకుల కుటుంబం వాళ్ళది. అంగడి బోర్డు తమిళంలో ఉంటుంది, బేరం తమిళంలో నడుస్తుంది, కోపం మాత్రం తెలుగులో వస్తుంది. ఆ ఇంట్లో ఎవరికీ తెలుగు అక్షరాలు చదవను రాదు. అయినా మాట ఇంత చెక్కుచెదరకుండా నిలిచిందంటే అందుకు చిన్నసామి తిట్లే కారణమని బంధువులు నేటికీ కృతజ్ఞతతో చెప్పుకుంటారు.

ఇంతకూ మంచివాడు కావలసిన అవసరం ఎందుకు వచ్చిందంటే, ఆ దీపావళికి ముందు అంగడిలో ఒక రవికగుడ్డ కనబడకుండా పోయింది. ఎవరో ఆడమనిషి కుట్టమని ఇచ్చిన ఆకుపచ్చ గుడ్డ. అంగడి అరుగు మీద పంతొమ్మిది ఏళ్ళుగా మిషను కుడుతున్న వేడియప్పన్‌ను చిన్నసామి పండగ రద్దీలో, నిండు అంగడి ముందు, దొంగ అన్నాడు. అన్నది చాలక అతని చేతిసంచి లాక్కుని అరుగు మీద దులిపాడు. కళ్ళద్దాల పెట్టె, సద్ది డబ్బా, ఒక పాత కత్తెర పడ్డాయి. వేడియప్పన్ వాటిని ఒక్కొక్కటిగా ఏరుకుని, మిషను తోపుడు బండి మీద ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. మూడో రోజు గుడ్డ దొరికింది. చిన్నసామి కూర్చునే దిండు కింద, చిన్నసామే మడిచి పెట్టిన మడతలో.

ఈ సంగతి అతడు భార్య కమలవేణికి తప్ప ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి అతనికి అన్నం సహించలేదు. మిషను చప్పుడు లేని అంగడిలో కూర్చుంటే తన గొంతు తనకే వినబడసాగింది. ఆ గొంతు ఎలా ఉంటుందో నలభై ఎనిమిదేళ్ళకు మొదటిసారి విని అతడు భయపడ్డాడు.

"పోయి ఒక మాట చెప్పి రండి. ఇల్లు బస్టాండు వెనకాలే గదా," అంది కమలవేణి.

చిన్నసామి దీర్ఘంగా ఆలోచించాడు. బస్టాండు రెండు వీధుల అవతల ఉంది. దారి పొడుగునా తెలిసినవాళ్ళే. శబరిమల పక్క రాష్ట్రంలో, అడవిలో, కొండ మీద ఉంది. అక్కడ తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరు. దూరాభారాలన్నీ బేరీజు వేసి అతడు శబరిమలే దగ్గర అని నిర్ణయించాడు.

అతని మెడలో మాల వేసినవారు గురుసామి ఆంజనేయన్. లారీ బుకింగ్ ఆఫీసు నడుపుతూ పన్నెండు సార్లు కొండకు వెళ్ళి వచ్చిన పెద్దమనిషి. ఆయన మైకు ముందు నిలబడి, "మనిషికి శత్రువు ఎవరు? కోపం. కోపానికి మందు ఏమి? శరణం. నోటికి తిట్టు వచ్చినప్పుడు దాన్ని మింగి శరణం చెప్పండి. నలభై ఒక్క దినాల్లో మీరు వేరే మనిషి," అని ఉపన్యసించారు. చిన్నసామి ఈ మందును అక్షరాలా వాడాడు. తిట్టు వచ్చిన ప్రతిసారీ "సామియే శరణం అయ్యప్పా" అన్నాడు. పది రోజులు తిరక్కుండానే అంగడి పనివాళ్ళు ఏ శరణం ఏ తిట్టుకు బదులో పోల్చుకోవడం నేర్చుకున్నారు. పళ్ళు బిగించి అంటే వాళ్ళ నాన్నను అన్నట్టు. రెండుసార్లు అంటే వాళ్ళ అమ్మను కూడా. సేల్సులో ఉన్న అంజలై ఒకరోజు మూడు శరణాలు విని మధ్యాహ్నం దాకా ఏడ్చింది.

దీక్షలో ఉన్నవాడు తెల్లవారి ఐదింటికి చన్నీళ్ళు పోసుకోవాలి. ఆయన ఐదింటికి పోసుకోవాలంటే భార్య నాలుగింటికి లేచి, తాను పోసుకుని, నీళ్ళు తోడి, పూజగది కడిగి, వేరు పొయ్యి మీద వేరు గిన్నెల్లో వండాలి. ఇది నియమావళిలో లేదు. రాయవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. ఆ చలిలో కమలవేణికి దగ్గు పట్టుకుంది. దగ్గు వల్ల తన ధ్యానం చెడిపోతున్నదని చిన్నసామి చాలా ఓర్పుతో, శరణం చెప్పి మరీ, తెలియజేశాడు.

రోజూ సాయంత్రం అతడు భార్యను పిలిచి, "కోపం తగ్గినట్టు కనబడతా ఉందా?" అని అడిగేవాడు.

"తగ్గింది సామి," అనేది ఆమె. మాల వేసినవారిని సామి అనే పిలవాలి గదా. ఒకసారి మాత్రం, "ఇంకా కొంచెం ఉండాది సామి," అంది. ఆ కొంచెం ఎంతో ఆ పూటే తేలిపోయింది. మర్నాటి నుంచి పూర్తిగా తగ్గిందనే చెప్పింది.

దీక్ష వల్ల వ్యాపారానికి కూడా మేలు జరిగిందని ఒప్పుకోవాలి. రంగు వెలిసిన చీర పట్టుకుని పోట్లాటకు వచ్చిన మునియమ్మ, నల్ల పంచెను చూసి, చీర చంకలో పెట్టుకుని, దండం పెట్టి వెళ్ళిపోయింది. వేరే రోజుల్లో అయితే చిన్నసామి ఆ చీర మార్చి ఇచ్చి ఉండేవాడు. భక్తురాలి నమ్మకాన్ని చెడగొట్టడం ఇష్టం లేక ఊరుకున్నాడు.

కొండకు బయలుదేరే ముందు, తలమీద పెట్టుకునే ఇరుముడి కట్టేనాడు, అందరి దగ్గరా తప్పులు మన్నించమని అడగడం ఆనవాయితీ. చిన్నసామి గురుసామిని పక్కకు పిలిచి, ఒక మనిషి దగ్గరికి వేరేగా పోవలసి ఉంటుందా అని విచారించాడు. "అన్నీ ఇరుముడిలో చేరిపోతాయి సామి. దానికే గదా కట్టేది," అని ఆంజనేయన్ అభయమిచ్చారు.

భజన మంటపంలో రెండు వందల మంది ముందు చిన్నసామి మైకు పట్టుకున్నాడు. "తెలిసో తెలియకో నేను చేసిన తప్పులన్నిటికీ ఈ ఊరి ప్రజలందరినీ మన్నిప్పు అడుగుతున్నాను," అన్నాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఇంత పెద్ద మనసు ఈ వీధిలో చూడలేదని రామసామి అన్నాడు. ఊరినంతా అడిగాడు గనుక, ఊళ్ళో ఉన్న వేడియప్పన్‌ను కూడా అడిగినట్టే అయింది.

"తెలిసి చేసినది ఒకటి ఉండాది గదా సామి," అంది కమలవేణి, ఇరుముడి మీద దారం బిగిస్తూ.

కొండ మీద జరిగింది అతడు చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. పది గంటలు వరుసలో నిలబడి, పద్దెనిమిది మెట్లు ఎక్కి, గుడి ముందుకు చేరాడు. కోపం తీసేయమని అడగడానికి ఒక్క క్షణం దొరుకుతుందని గురుసామి ముందే చెప్పి ఉన్నారు. ఆ క్షణంలోనే ముందున్న లావుపాటి మనిషి వెనక్కి అడుగువేసి చిన్నసామి కాలు తొక్కాడు. చిన్నసామి తెలుగులో, శరణం లేకుండా, నోరారా తిట్టాడు. తిట్టి తల తిప్పేసరికి పోలీసువాడు అతన్ని పక్కకు తోసేశాడు. నలభై ఒక్క రోజులు చన్నీళ్ళు పోసుకుని వెళ్ళినవాడికి కనబడినది ఆ లావుపాటి మనిషి మెడ.

తిరుగు బస్సు పొద్దున్నే ధర్మపురి బస్టాండులో దింపింది. వేడియప్పన్ ఇల్లు ఎదురుగా కనబడుతున్నది. ఇంక తప్పించుకునే దారి లేక, చిన్నసామి ప్రసాదం డబ్బా పట్టుకుని వెళ్ళాడు. వాకిట్లో మిషను ముందు ఉన్న వేడియప్పన్ నల్ల పంచెను, మాలను చూసి గబగబా లేచి వచ్చి అతని కాళ్ళ మీద పడ్డాడు.

"కొండ నుంచి నేరుగా మా ఇంటికా వచ్చినారు సామి," అన్నాడు.

చిన్నసామి చెయ్యి దానంతటదే లేచి వేడియప్పన్ తలను ఆశీర్వదించింది. ఇంటికి వచ్చాక, "అడిగినారా?" అంది కమలవేణి.

"ఆయనే నా కాళ్ళ మీద పడినాడు."

కమలవేణి తిట్టలేదు. పూజ చేసి మాల తీయించింది, తెల్ల పంచె చేతికిచ్చి, "ఇప్పుడు పోండి," అంది.

తెల్ల పంచెలో వెళ్ళినప్పుడు వేడియప్పన్ లేవలేదు. మిషను కూడా ఆపలేదు.

"తప్పు చేసినాను వేడియప్పా," అన్నాడు చిన్నసామి.

"ఏమి తప్పు మొదలాళి?" యజమానిని పంతొమ్మిది ఏళ్ళుగా పిలిచిన పిలుపే అది.

"నిన్ను దొంగ అంటిని. గుడ్డ నా దిండు కిందనే ఉండింది."

మిషను ఆగింది. "అన్నది అందరి ముందర. చెప్పేది మనిద్దరి మధ్యనా?" అన్నాడు వేడియప్పన్. గొంతు పెంచలేదు.

చిన్నసామికి కోపం వచ్చింది. శరణం నోటిదాకా వచ్చి, మాల లేదని గుర్తొచ్చి ఆగిపోయింది. చివరికి, "శుక్రవారం రా. అంగడి నిండుగా ఉంటుంది," అన్నాడు.

శుక్రవారం వేడియప్పన్ వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. చిన్నసామి మైకు లేకుండా గుడ్డ సంగతీ దిండు సంగతీ చెప్పి, అతని పేరు పెట్టి మన్నిప్పు అడిగాడు. ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. అంజలై ఒక్కతే చేతిలో చీర వదిలేసి చూస్తూ ఉండిపోయింది. వేడియప్పన్ తల ఊపి, "సరి మొదలాళి," అన్నాడు. మళ్ళీ అరుగు మీదికి రమ్మంటే, "లేదు. మా ఇంటి వాకిట్లో అరిచేవాళ్ళు లేరు," అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి చిన్నసామి రెండోసారి అడిగి అన్నం పెట్టించుకున్నాడు. తరువాత వారం రోజులు తాను ఎంత వినయంగా తల వంచినదీ వచ్చిన ప్రతివాడికీ వర్ణించాడు. నాలుగోసారి చెప్పేటప్పటికి ఆ కథలోంచి వేడియప్పన్ దాదాపు మాయమయ్యాడు.

పట్టణం మాత్రం బాధపడింది. కొండకు వెళ్ళి వచ్చిన మనిషి ఒక టైలరు ముందు తల వంచడమేమిటని రామసామి అందరి దగ్గరా విచారం వెలిబుచ్చాడు. దీక్షలో ఎక్కడో లోపం జరిగి ఉంటుందని గురుసామి అభిప్రాయపడ్డారు. లేకపోతే కొండ దిగాక మన్నిప్పు అడగవలసిన గతి ఎందుకు పడుతుంది?

మరుసటి సంవత్సరం ఆంజనేయన్ రెండు బస్సులు మాట్లాడారు. మొదటి బస్సులో మొదటి సీటు చిన్నసామిదే. ఎండాకాలం, చిత్తిరై నెలలో, ఒక పెళ్ళి పందిట్లో అతడు బావమరిది నరసింహన్‌ను పదిమందిలో నానా మాటలు అని ఉన్నాడు. నరసింహన్ ఉండే బొమ్మిడికి బస్సులో గంట ప్రయాణం. కానీ మన్నిప్పు అడగడం ఎంత కష్టమో చిన్నసామికి ఇప్పుడు అనుభవపూర్వకంగా తెలుసు.

రెండో బస్సులో ఇంకా నాలుగు సీట్లు ఉన్నాయట. ఇంతవరకు చదువుతూ ఉండగా మీకు ఎవరైనా గుర్తొచ్చి ఉంటే, త్వరగా సీటు చెప్పుకోండి.