ఆఫీసు టైములో పాలపుంత

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉండేవి, ఒక్క కమిటీ తప్ప. ఆ లోటు కూడా మొన్నటి వానాకాలంలో తీరిపోయింది. దాని పేరు వింతల మండలి. ఎవరికే వింత విద్య ఉన్నా మండలికి చూపించి కాగితం తెచ్చుకోవాలి. కాగితం ఉంటే ఆ విద్యకి అడ్డొచ్చే పని అడవిలో ఎవరూ చెయ్యకూడదు. కాగితం లేకపోతే విద్య లేనట్టే. నన్నడిగితే ఎవరి విద్య వాళ్ళకి తెలిస్తే చాలదా అంటాను. కానీ నన్నెవరడిగారు?

మండలికి ఛైర్మన్ నీలాంబరం అనే నెమలి. కార్యదర్శి మృత్యుంజయం అనే ముంగిస. పాములతో పోట్లాడ్డం మానేసి చాలా కాలమైంది, ఇప్పుడు ఫైళ్ళతో పోట్లాడుతున్నాడు. ఖగోళ నిపుణుడు ఒక ముసలి గుడ్లగూబ. ఆయన్ని అందరూ మేష్టారంటారు. ఆకాశంలో ఆయనకి తెలియని చుక్క లేదు. కాకపోతే మండలి పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకానే పనిచేస్తుంది, ఆ టైములో మేష్టారు కుర్చీలో నిద్రపోతూ ఉంటాడు. హాజరు మాత్రం నూటికి నూరు.

నీలాంబరానికి ఒకటే దిగులు.

"పగలు నేను పురి విప్పితే అడవంతా నోరు తెరుచుకుని చూస్తుంది. పొద్దుగూకిందా, నేనూ ఒకటే, అడవికోడీ ఒకటే. ఇదేం న్యాయమయ్యా మృత్యుంజయం?"

"దానికేముంది సార్, రాత్రిని తీసేద్దాం" అన్నాడు మృత్యుంజయం.

అన్నంత పనీ చేశారు. దానికి నిత్య వెన్నెల పథకం అని పేరు పెట్టారు. మిణుగురులన్నిటినీ పట్టుకొచ్చి, చెట్టుకి రెండొందల చొప్పున డ్యూటీ వేశారు. పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా ఆరకుండా వెలగాలి.

"అయ్యా, మేం వెలిగేది ఊరికే కాదండీ, పిల్లకి కబురు పెట్టుకోడానికి" అని మొత్తుకున్నాయి మిణుగురులు. "రెక్కలొచ్చాక మేం బతికేదే రెండు మూడు వారాలు. అదంతా డ్యూటీకి పోతే మా పెళ్ళిళ్ళు ఏం కావాలి?"

"పథకం పూర్తయ్యాక చేసుకోండి" అన్నాడు మృత్యుంజయం.

వచ్చే అమావాస్యకి ప్రారంభోత్సవం. పులిగారు ముఖ్య అతిథి. ఈలోగా ఎవరికైనా అభ్యంతరం ఉంటే రుజువుతో సహా రావాలని చాటింపు వేయించారు. వచ్చింది ఒక్కతే. పేరిందేవి.

పేరిందేవి పేడపురుగు. మనం ముక్కు మూసుకుంటాం గానీ, ఆవిడ తన పని గురించి తలెత్తుకునే చెబుతుంది. ఏనుగు పేడ వేసిందంటే పరుగున వెళ్ళి, తనకంటే పెద్ద ఉండ చేసి, తల కిందికి పెట్టి వెనక కాళ్ళతో నెట్టుకుంటూ పోతుంది. దూరంగా గుంట తీసి పూడ్చి, అందులో ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. పుట్టే పిల్లకి ఆ ఉండే ఊయల, ఆ ఉండే అన్నం. ఇప్పుడు ఆవిడకి గుడ్డు పెట్టే వేళ దగ్గరకొచ్చింది.

"నీ వింత ఏమిటమ్మా?" అన్నాడు మృత్యుంజయం.

"తిన్నగా పోతానండి."

"దాందేముంది? అందరం తిన్నగానే పోతాం."

"రాత్రిపూట, తల కిందికి పెట్టి, వెనక్కి నడుస్తూ పోయి చూడండి బాబూ. తిన్నగా పోకపోతే గుండ్రంగా తిరిగి మళ్ళీ ఆ పేడకుప్ప దగ్గరికే వస్తాం. అక్కడ కూర్చున్న దొంగ వెధవలు ఉండ లాగేసుకుంటారు. అందుకని బయల్దేరే ముందు ఉండ మీదికెక్కి ఒక చుట్టు తిరిగి, ఆకాశంలో పాలపుంత ఎటు నుంచి ఎటు పోతోందో చూసుకుంటాను. ఇక దాన్ని పట్టుకుని పోవడమే."

నీలాంబరం మెడ చాచాడు. "ఏమిటీ? ఉండెక్కి చుట్టూ తిరుగుతావా? అంటే డాన్సా?"

"డాన్సనే అనుకోండి."

"ఈ అడవిలో డాన్సంటే నేను! పేడ మీద గెంతేవాళ్ళు కూడా డాన్సనడమేనా?"

"తమరు ఎవరైనా చూడాలని ఆడతారు. నేను చూడాలని తిరుగుతాను. అంతే తేడా బాబూ" అంది పేరిందేవి. నిజం చెప్పొద్దూ, నాకా మాట భలే నచ్చింది. నీలాంబరానికి నచ్చలేదు.

"సరే, ఏదీ ఆ పాలపుంత, చూపించు" అన్నాడు మృత్యుంజయం. అప్పుడు పదకొండు గంటలైంది. ఎండ పేలిపోతోంది.

"పగలెలా కనపడుతుందండీ? రాత్రికి రండి. నా తలకి ఆకు టోపీ కట్టండి, గుండ్రంగా తిరుగుతాను. టోపీ తీసెయ్యండి, తిన్నగా పోతాను. మీ కళ్ళతో మీరే చూడొచ్చు."

"ఆఫీసు పది నుంచి ఐదు. నిన్న బల్లి వచ్చింది, జిగురన్నది లేకుండా కప్పుకి అంటుకుని తలకిందులుగా నడిచి చూపించింది. ఐదు నిమిషాల్లో కాగితమిచ్చాం. నీదేమో కనపడని ఆకాశం."

"మేష్టారినడగండి బాబూ! ఆయనకి తెలుసు!"

అందరూ మేష్టారి వంక చూశారు. మేష్టారు సన్నగా గురక పెట్టాడు. 'నిపుణుల వారు సదరు వాదనను బలపరచలేదు' అని రాసుకున్నాడు మృత్యుంజయం. కింద ఉత్తర్వు కూడా రాసేశాడు: 'పాలపుంత పని వేళల్లో హాజరు కానందున, సదరు పురుగుకు వింత ఏదియు లేదని నిర్ధారించడమైనది.'

పేరిందేవికి ఏడుపొచ్చింది. "బాబూ, నా గుడ్డు ఆగదు. ఆకాశం కనపడకపోతే నేనెటు పోవాలి?" అంది. అప్పటికే బల్ల మీద గంట కొట్టేశారు. భోజనాల వేళ.

ప్రారంభోత్సవానికి వారం ముందే, సరిచూసుకోడానికని మిణుగురు దీపాలు వెలిగించేశారు. అడవంతా ఆకుపచ్చటి పసుపు వెలుతురు. చెయ్యి పెట్టినా కాలని చల్లటి వెలుతురు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. పైన ఒక్క చుక్క కనపడలేదన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే పైకి ఎవరూ చూడలేదు.

మొదటి రాత్రి పేరిందేవి ఉండెక్కి చుట్టూ తిరిగింది. ఎటు చూసినా మిణుగురులే. ఏదో ఒకటని బయల్దేరి, గంటసేపు చెమటోడ్చి నెట్టి, మళ్ళీ అదే కుప్ప దగ్గర తేలింది. ఉండ పోయింది. రెండో రాత్రి ఇంకో ఉండ చేసింది, అదీ పోయింది. మిగతా పేడపురుగులదీ అదే గతి. నాలుగు రాత్రులు చూసి, చాలామంది దండం పెట్టేసి పని మానేశారు.

పేడపురుగులు మానేశాయి గానీ ఏనుగులు మానెయ్యవు కదా. ఒక్కో ఏనుగూ రోజుకి క్వింటాలు వేస్తుంది. ఆ అడవిలో ఏనుగులు ముప్ఫై. వాటి దారి సరిగ్గా ప్రారంభోత్సవం మైదానం మీంచే. వారం తిరిగేసరికి మైదానంలో కాలు పెట్టే సందు లేదు. ఈగలు తప్ప ఎవరూ సంతోషంగా లేరు.

మృత్యుంజయం ఊరుకుంటాడా? వెంటనే మరో ఉత్తర్వు తీశాడు: 'పేడపురుగులన్నియు తక్షణమే తిన్నగా నడవవలెను.' దాన్ని ప్రతి పేడకుప్ప మీదా అంటించారు.

అమావాస్య రానే వచ్చింది. పులిగారు విచ్చేశారు. మైదానంలో మొదటి అడుగు వేశారు, ముంగాలు మోకాలి దాకా దిగిపోయింది.

"ఏమిటిది?"

"పథకం తాలూకు పురోగతి ప్రభూ" అన్నాడు మృత్యుంజయం.

పులిగారు కాలు విదిలించుకుని, ముక్కు ముడుచుకుని కూర్చున్నారు. నీలాంబరం వేదికెక్కాడు. ఇన్నేళ్ళ కోరిక. పురి విప్పి, మెడ నిక్కించి, మూడు చుట్లు తిరిగాడు. చప్పట్లు లేవు.

"ఈ బొగ్గు రంగు కోడి ఎవరు?" అన్నారు పులిగారు.

నీలాంబరం తన మెడ తను చూసుకున్నాడు. నీలం లేదు. మసిగుడ్డలా ఉంది. "నా రంగు! నా రంగెవరు తీశారు?" అని కెవ్వుమన్నాడు.

అప్పుడు కుర్చీలోంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. మేష్టారు. రాత్రి కదా, మేలుకునే ఉన్నాడు.

"ఎవరూ తియ్యలేదు నాయనా. అసలు నీ ఈకలో నీలం ఎప్పుడుందని? ఉన్నది గోధుమరంగే. ఈక అల్లిక అలాంటిది, ఎండలో ఉన్న నీలాన్ని మాత్రం ఏరి బయటికి విసురుతుంది. మిణుగురు వెలుతురులో నీలమన్నదే లేదాయె. లేనిదాన్ని ఎక్కణ్ణుంచి విసురుతుంది?"

"ఈ ముక్క మండలిలో ఎందుకు చెప్పలేదండీ?" అన్నాడు నీలాంబరం, ఏడుపు గొంతుతో.

"మండలి పగలు పెట్టారు కదా" అన్నాడు మేష్టారు.

"ముందీ దీపాలు ఆర్పండి! వీడి మొహం చూడలేకపోతున్నాను!" అని గర్జించి, పులిగారు కాలు కడుక్కోడానికి వాగుకి పోయారు. ఆర్పమన్నదే తడవు, మిణుగురులు హమ్మయ్య అనుకుంటూ పెళ్ళిళ్ళకి ఎగిరిపోయాయి.

కటిక చీకటి. మేష్టారు వేటకి పోయాడు. పగటి జీవులైన నీలాంబరం, మృత్యుంజయం పేడకుప్పల నడుమ నిలబడిపోయారు. అవతల వాగులో పులిగారి తిట్లు వినపడుతున్నాయి. కడుక్కోవడం అయ్యాక ఆయన ఎటొస్తారో ఇద్దరికీ తెలుసు.

"ఎవరైనా ఉన్నారా? మమ్మల్ని దాటించండి!" అన్నాడు నీలాంబరం.

"నేనున్నానండి. వింత ఏదియు లేని పురుగుని" అంది ఒక చిన్న గొంతు, కాళ్ళ దగ్గర్నుంచి.

పేరిందేవి అప్పటికే ఉండ మీద ఉంది. మూడో ఉండ. పైకి చూసింది. వారం తర్వాత పాలపుంత మళ్ళీ కనపడింది, ఈ చివర నుంచి ఆ చివర దాకా. ఆవిడ గుండె నిండిపోయింది. ఒక్క చుట్టు తిరిగి కిందికి దిగింది.

"అమ్మా, మమ్మల్ని మా ఇంటికి..." అన్నాడు మృత్యుంజయం.

"మీ ఇల్లు నాకు తెలీదు బాబూ. పేడకి దూరంగా పోవడమే నాకు తెలుసు. రండి. కాళ్ళు చూసుకుని వెయ్యండి, నన్ను తొక్కేరు!"

కళ్ళు కనపడకపోయినా వాసన తెలుస్తోంది. ఛైర్మనూ కార్యదర్శీ పేడవాసన పట్టుకుని, బుద్ధిగా ఒకరి వెనక ఒకరు నడిచారు. ఆవిడ ఒక్క వంకర పోకుండా వాళ్ళని పొడినేల మీదికి తెచ్చి పడేసి, గుంట తీసి, ఉండ పూడ్చి, గుడ్డు పెట్టింది.

మర్నాడు పేరిందేవి మండలికి వెళ్ళింది. అప్పటికే మినిట్సు రాసేశారు. 'దారి తప్పిన పేడపురుగును మండలి సభ్యులు స్వయంగా వెంట నడిచి గమ్యం చేర్చిరి.'

"రాసుకోండి, నాకేం" అంది పేరిందేవి. "మరి నా కాగితం?"

మృత్యుంజయం తల గోక్కున్నాడు. "చూశామమ్మా, కాదనను. కానీ చూసింది ఆఫీసు టైములో కాదు కదా!"

కుర్చీలో మేష్టారు గురక పెట్టాడు. అదీ రాసుకున్నారు.

కొన్ని వారాలకి ఉండ పగిలి పిల్ల బయటికొచ్చింది. మొదటిసారి తన ఉండ తను చేసుకుని, పైకెక్కి, ఒక చుట్టు తిరిగి ఆకాశం వంక చూసింది. దానికెవరూ నేర్పలేదు.

ఇంతకీ నీతి ఏమిటంటారా: దారి కావాలంటే చుక్కలున్నప్పుడు వెళ్ళండి, కాగితం కావాలంటే మాత్రం చుక్కలు లేనప్పుడే వెళ్ళండి.