నాగక్క నవ్వు, ట్యాంకరు నీళ్లు

ఎన్నికల ప్రచార శాస్త్రంలో నవ్వుతున్న పేదరాలిని మించిన అలంకారం లేదు. నాయకుడు గొంతు పోయేదాకా చెప్పినా నమ్మని ఓటరు, చెరగు భుజాన వేసుకున్న ఒక ముసలమ్మ కాసేపు నవ్వితే నమ్ముతాడు. శాస్త్రజ్ఞులు దీనికి 'సామాన్య సాక్ష్య పద్ధతి' అని నామకరణం చేశారు. (సాక్షికి విషయం తెలిసి ఉండాలన్న నిబంధన న్యాయస్థానాలకే పరిమితం.)

ఈ పద్ధతి కింద ఎంపికైన నాగక్కది పత్తికొండ అవతల ఒక పల్లె. ఆమె వాకిట్లో ప్రభుత్వ కుళాయి ఉంది. బిగించిన నాటి నుంచి అది అప్పుడప్పుడు దగ్గడం తప్ప మరే ఉద్యోగమూ చేయలేదు. ఇంట్లో కోడలు నాగలత బాలింత. ఆమెకూ పసిగుడ్డుకూ రోజూ కాగెడు వేడినీళ్లు కావాలి. నీళ్లున్న బోరేమో ఊరికి దూరంగా ఎవరి చేలోనో ఉంది. నాగక్కకు నవ్వే తీరిక లేకపోవడానికి ఇదే కారణం.

అట్టి వాకిట్లోకి పాలక పక్షం తరఫున 'జన సంతృప్తి చిత్రీకరణ సమన్వయకర్త' ఉమామహేశ్ కెమెరాతో, నీళ్ల ట్యాంకరుతో విచ్చేశాడు. ట్యాంకరును గోడ వెనక దాచి, దాని పైపును కుళాయికి తగిలించారు. తిప్పగానే నీళ్లు దూకాయి.

"నాగక్కా, బిందె పెట్టి, నవ్వుతా ఒక్క మాట చెప్పు. 'మా ఇంటికే గంగమ్మ వచ్చింది' అని."

నాగక్క బిందె పెట్టింది. అది నిండింది. "మా ఇంటికే..." అని ఆగి, కెమెరా వైపు చూసింది. "ఎవురొచ్చినారంటివప్పా?"

"గంగమ్మ! సరే, మళ్లా చేద్దాం. ఇంకో బిందె పెట్టు."

ఆ క్షణాన, ప్రచార శాస్త్రంలో అంతవరకు నమోదు కాని ఒక సూత్రం నాగక్కకు స్ఫురించింది: మాట తప్పిన ప్రతిసారీ బిందె నిండుతుంది. (నాయకులకు ఈ సూత్రంలోని మొదటి సగం మాత్రమే తెలుసు.)

తరువాతి బిందెకు ఆమె మాట చెప్పి నవ్వడం మరచింది. ఆపై బిందెకు నవ్వి, మాట మరచింది. కాగు పెట్టినప్పుడు తుమ్మింది.

"ఏమక్కా, పొద్దున్నుంచి ఒక్క మాట రాదా నీకు?"

"సదువు లేనిదాన్నప్పా. నీళ్లు సూస్తే నోరు పెగలదు. తిప్పు, ఈసారి సెప్తా."

పక్కింటి నన్నీ బీ డ్రమ్ము దొర్లించుకుంటూ వచ్చింది. "అక్క శానా అలిసిపోయింది సార్. జరుగక్కా, నేను నవ్వుతా." ఆమె నవ్వితే మైకు పట్టుకున్నవాడు చెవులు మూసుకున్నాడు. పొద్దుగూకేసరికి వీధిలోని తొట్లు, గాబులు సమస్తం నిండాయి. నాగలతకు తలంటు జరిగింది. 'స్త్రీలు ఆనందంతో మాటలు రాని స్థితిలో ఉన్నారు' అని ఉమామహేశ్ పైవారికి నివేదించాడు.

మరునాడు ప్రతిపక్షపు 'జన ఆక్రోశ విభాగం' నుంచి వీరభద్ర వచ్చాడు. ఆయనకు కావలసినవి ఖాళీ బిందె, కన్నీరు. ఊళ్లో ఖాళీ బిందె దొరకలేదు.

"ఈ నీళ్లు పారబోసి ఏడువమ్మా," అన్నాడు నాగక్కతో.

"పారబోస్తే నిన్ను ఏడిపిస్తా! వాళ్లు ట్యాంకరు తెచ్చినారు, నువ్వేం తెచ్చినావు?"

వీరభద్ర ట్యాంకరు తెచ్చాడు. ఖాళీ బిందెలను పక్క ఊరి నుంచి అద్దెకు రప్పించాడు. ఎంత బతిమాలినా ఎవరికీ ఏడుపు రాలేదు. చివరకు ట్యాంకరు నీళ్లతోనే వెనుదిరిగింది. అది చూసి వీధి వీధంతా ఒక్కసారిగా గొల్లుమని ఏడ్చింది. ఆ దృశ్యాన్ని రెండోసారి తీయవలసిన అవసరం కలగలేదు.

పత్తికొండ రోడ్డు మీద పక్కపక్కనే రెండు హోర్డింగులు వెలిశాయి. ఒకదానిలో నాగక్క నవ్వుతోంది, మరొకదానిలో ఏడుస్తోంది. ఓటర్లు రెంటినీ నిష్పాక్షికంగా పరిశీలించి, ఎవరికి వారు ముందే నిశ్చయించుకున్నదాన్ని నమ్మారు.

పోలింగు ముగిసింది. పాలక పక్షమే మళ్లీ గెలిచింది. ట్యాంకర్లు మాయమయ్యాయి. గాబులు అడుగంటాయి. నాగక్క గ్రామీణ జల సంతృప్తి అధికారి ఓబుళేశు ఎదుట నిలిచింది.

"ఇంట్లో బాలింత ఉండాది సార్. కుళాయిలో సుక్క లేదు."

అధికారి కిటికీలోంచి హోర్డింగు చూపాడు. "నీళ్లుండాయని నువ్వే నవ్వుతా చెప్తాండావు కదమ్మా?"

"పక్కదాంట్లో ఏడుస్తాండా కద సార్!"

"ఆ పార్టీ ఓడిపోయిందమ్మా. ఓడిన ఏడుపు చెల్లదు."

"మళ్లా ఎలచ్చన్లు ఎప్పుడు సార్?"

"ఐదేండ్లకు."

"అంతలోపల బిడ్డ బడికి పోతాడు సార్. నడమ రావా?"

"ఎమ్మెల్యే గారికి ఏమన్నా అయితే ఉప ఎన్నిక వస్తాది. లేకుంటే రాదు."

నాగక్క చెరగు సర్దుకుని, పౌరురాలికి తగిన వినయంతో అడిగింది:

"ఆ సార్‌కు షుగరు, బీపీ ఏమన్నా ఉండాయా సార్?"