హ్యాండ్‌బ్రేకు ఉద్యమం

జనవరి నెలలో ఒక సోమవారం పొద్దున్న గోవిందరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. షెడ్డులోంచి కారు తీయాలి, పది గంటలకు హౌరా స్టేషన్లో దిగే పోలిరాజును ఎక్కించుకోవాలి, ఖిదిర్‌పూర్‌లోని తమ సందులోకి హారన్ కొట్టుకుంటూ తిరిగి రావాలి. పోలిరాజు అతని భార్య అమ్మన్నమ్మకు అన్న, శ్రీకాకుళంలో బియ్యం మిల్లు యజమాని. చెల్లెల్ని ఓడల డాకులో కూలీకి ఇచ్చామన్న దిగులు పాతికేళ్ళుగా ఆయన్ని వదల్లేదు. దిగులును మనసులో దాచుకునే మనిషీ కాదాయన. అందుకే ఎనిమిదేళ్ళుగా గోవిందరాజు రాసే ప్రతి ఉత్తరంలోనూ 'మా కారు' అన్న మాట కనీసం రెండుసార్లు పడేది.

కారు ఉన్న మాట నిజమే. 1952 నాటి నల్ల మోరిస్ మైనర్. డాకు వర్క్‌షాపులో గోవిందరాజుకు పై అధికారిగా ఉన్న బెంగాలీ ఇంజనీరు రిటైరై, సాల్ట్ లేక్‌లో కట్టుకున్న కొత్త ఇంటికి మారుతూ దాన్ని ఇతనికి దానం చేశాడు. ఆ ఇంట్లో ఆయనకూ చోటుంది, ఆయన పుస్తకాలకూ చోటుంది, కారుకే లేదు. గోవిందరాజు దాన్ని ఏడాదికోసారి దుర్గా పూజకు బయటికి తీసేవాడు. రెండేళ్ళుగా అదీ లేదు. వానాకాలంలో షెడ్డులోకి మోకాటి లోతు నీళ్ళొస్తాయి గనక, కారు కొట్టుకుపోకుండా హ్యాండ్‌బ్రేకును రెండు చేతులా లాగి బిగించి, పైన టార్పాలిన్ కప్పి, ముప్పయ్యేళ్ళు యంత్రాల మధ్య బతికిన మనిషికి తగిన నిశ్చింతతో దాన్ని మరిచిపోయాడు.

కొత్త బ్యాటరీ పెట్టగానే ఇంజను మూడో ప్రయత్నానికి దగ్గుతూ లేచింది. హ్యాండ్‌బ్రేకు మీట మెత్తగా కిందికి దిగింది. ఆ సంగతి వెనక చక్రాలకు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. గేరు వేసి క్లచ్ వదిలితే కారు వెనక భాగం ఒక్కసారి కుంగింది, ఇంజను ఆగిపోయింది, చక్రం అంగుళం కదల్లేదు.

"ఏటయింది మావా?" అంది అమ్మన్నమ్మ.

"బ్రేకు పట్టీసింది. లోపల తుప్పట్టి డ్రమ్ముకి అతుక్కుపోనాది. సుత్తితో సుట్టూ సిన్నగా కొడితే ఒగ్గీస్తాది."

"మరి కొట్టు."

కొట్టేవాడే, ఎదురింటి కోదండం రాకపోయి ఉంటే. కోదండం నీళ్ళ ఆఫీసులో పైపుల మనిషి. ఆ వేళ డ్యూటీలో ఉన్నాడు, అందువల్లే అరుగు మీద కూర్చుని తీరిగ్గా టీ తాగుతున్నాడు. సుత్తి దెబ్బకు డ్రమ్ము పగిలిపోతుందనీ, గట్టిగా లాగితే రాని వస్తువంటూ లోకంలో లేదనీ అతను తీర్పు చెప్పాడు. ఈ సిద్ధాంతంతో అతను ఇప్పటికే చాలా వీధుల్లో పైపులు ఊడబెరికాడు. గోవిందరాజు గడియారం చూసుకుని, లాగడమే త్వరగా అవుతుందనుకున్నాడు.

సిమెంటు దించి వెళ్తున్న చిన్న లారీని ఆపి కారుకు తాడు కట్టారు. కారు వచ్చింది. వెనక చక్రాలు తిరక్కుండానే, నేల మీద రెండు నల్లటి గీతలు గీసుకుంటూ సరిగ్గా సందు నడుమకు వచ్చాక తాడు తెగింది. లారీ డ్రైవరు అది చూడక వెళ్ళిపోయాడో, చూసే వెళ్ళిపోయాడో తెలియదు.

ఆ సందు వెడల్పు ఒక కారూ, దాని పక్కన ఒక బక్కమనిషీ పట్టేంత. పావుగంటలో కారు వెనక ఏడు రిక్షాలు, ఒక చేపల బండి, బడికి వెళ్ళే పిల్లల వ్యాను చేరాయి. గోవిందరాజు ఇక ఎవరి మాటా వినదలచుకోలేదు. గేరు తీసి న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు తీగ వదులు చేసి, సుత్తితో కారు కిందికి దూరాడు.

సరిగ్గా అప్పుడు హారాధన్ బాబు వచ్చాడు. ఆయన ఆ పేట కమిటీ నాయకుడు. ఆయనకు తెలియకుండా ఆ సందులో పెళ్ళిళ్ళు జరిగి ఉండవచ్చు గానీ రాస్తా అవరోధం, అంటే రాస్తారోకో, మాత్రం ఎన్నడూ జరగలేదు. దారి ఎవరు ఆపారని ఆయన గద్దించాడు. కారు కింద నుంచి గోవిందరాజు, "ఛాడ్‌ఛే నా, దాదా" అన్నాడు. వదలడం లేదని దాని అర్థం. సుత్తి మోతలో హారాధన్ బాబుకు అది "ఛాడ్‌బో నా" అని వినబడింది. వదిలేది లేదని దాని అర్థం. ముప్పయ్యేళ్ళుగా నినాదాలు తప్ప మరేమీ వినని చెవికి ఆ కాస్త తేడా ఒక లెక్క కాదు.

మీ డిమాండ్ ఏమిటని ఆయన చుట్టూ చూశాడు. పక్క సందు కొళాయికి బిందెతో బయల్దేరిన అమ్మన్నమ్మ ఎదురుగా కనిపించింది. తననే అడిగాడనుకుని, నాలుగు నెలలుగా తమ కొళాయిలో చుక్క రావడం లేదని ఆమె తనకు వచ్చిన బెంగాలీలో చెప్పింది. హారాధన్ బాబు ఖాళీ బిందెను చూశాడు, చక్రాల మధ్యనుంచి బయటికున్న రెండు కాళ్ళను చూశాడు, ఆగిపోయిన బళ్ళను చూశాడు. నాయకుడు లేకుండా ఇంత సిద్ధంగా ఉన్న ఉద్యమం ఆయనకు జీవితంలో తారసపడలేదు.

ఐదు నిమిషాల్లో కారుకు ఎర్రజెండా కట్టారు. ఆయన బానెట్ మీదికెక్కి ఉపన్యాసం అందుకున్నాడు. నీళ్ళ ఆఫీసు తమ వాళ్ళ చేతుల్లోనే ఉంది గనక, ఖిదిర్‌పూర్ కొళాయి ఎండిపోవడానికి కారణం ఢిల్లీ అని తేల్చాడు. జనం "ఛాడ్‌బో నా" అని అరిచారు. కింద నుంచి సుత్తి తాళం వేసింది.

పోలీసు దారోగా వచ్చి ఆ కాళ్ళు చూసి కంగారుపడ్డాడు. డిమాండ్ నెరవేరకపోతే కారు తన మీదుగా నడిపించుకునే మనిషి కింద ఉన్నాడని ఎవరో చెప్పారు. వెంటనే జీపు పంపి నీళ్ళ ఆఫీసు ఇంజనీరును ఇంటినుంచి రప్పించాడు. పదకొండున్నరకు ముందు ఎవరికీ కనిపించని ఇంజనీరు పదిన్నరకే దర్శనమిచ్చాడు. ఆ ఉద్యమం సాధించిన మొదటి విజయం అదే.

ఇంజనీరు ఫైలు తిరగేసి, తల తిప్పి కోదండాన్ని చూశాడు. మరమ్మతు కోసం పూజలకు ముందు ఆ సందు వాల్వు మూసింది అతనే.

"మూయమన్నారు, మూసీసినాను. తియ్యమని ఎవులన్నారు?" అన్నాడు కోదండం శాంతంగా. ఆ నాలుగు నెలలూ అతని పెళ్ళాం కూడా పక్క సందునుంచే నీళ్ళు మోసింది. పానా పట్టుకుని వెళ్ళి ఐదు నిమిషాల్లో వాల్వు తిప్పాడు. కొళాయి కాసేపు ఎర్రగా కక్కి, తర్వాత తెల్లగా పోసింది. జనం కేకలు డాకు దాకా వినిపించాయి.

కారు కింద ఉన్న గోవిందరాజుకు ఈ విజయం గురించి ఎవరూ చెప్పలేదు. అతను ఒక డ్రమ్ము వదిలించి రెండోదాని మీద ఉన్నాడు. మరో నాలుగు దెబ్బలకు అదీ టక్కున వదిలింది. అతని గుండె ఆనందంతో నిండింది. మరుక్షణమే తన పైనున్న కారు మెల్లగా జరిగిపోయి, దాని స్థానంలో ఆకాశం కనిపించింది. కాలువ వంతెన పక్కనుంచి పెద్ద రోడ్డుకు దిగే ఆ సందు వాలుగా ఉంటుంది. ఇక ఆపుదామంటే, బ్రేకు తీగను తానే వదులు చేశాడు.

బానెట్ మీది నాయకుడు పిడికిలెత్తి ముందుకు సాగుతున్నాడని జనం కూడా నినాదాలు చేస్తూ వెనక నడిచారు. హారాధన్ బాబు దిగుదామనుకున్నాడు గానీ, రెండు వందల మంది చూస్తుండగా నాయకుడు దూకడం బాగుండదు.

సందు చివర పోలిరాజు అప్పుడే ట్రామ్ దిగాడు. స్టేషన్లో అరగంటసేపు నిలబడి, దారి పొడుగునా తిట్లు వరసగా కూర్చుకుంటూ వచ్చాడు. ఎదురుగా నల్ల కారు, దాని మీద తెల్ల ధోవతి కట్టిన పెద్దమనిషి, వెనక ఊరేగింపు. కారు మునిసిపాలిటీ వాళ్ళ ఇసుక కుప్పకు తగిలి ఆగింది. హారాధన్ బాబు ఆగలేదు, నేరుగా వచ్చి పోలిరాజును కౌగిలించుకున్నాడు. నాయకుడి కోసం తెచ్చిన బంతిపూల దండ ఆ తోపులాటలో పోలిరాజు మెడలో పడింది.

ఒళ్ళంతా గ్రీజుతో గోవిందరాజు ఎగరొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. పోలిరాజు కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"స్టేషనుకి రానేదని తప్పుగా అనుకున్నాను బావా. ఊరు ఊరంతా నా కోసం కదిపినావని నాకేటి తెలుసు?"

అమ్మన్నమ్మ నిజం చెప్పడానికి నోరు తెరిచి, మొగుడి మొహం చూసింది. పాతికేళ్ళలో అన్న ముందు అతను తల ఎత్తుకుని నిలబడింది అదే మొదటిసారి.

"దా అన్నయ్యా, నీళ్ళు కూడా వొచ్చినాయి. తానం సేద్దువుగాని," అంది.

పది రోజులుండి పోలిరాజు వెళ్ళాడు. ఆ మర్నాడే హారాధన్ బాబు మిఠాయి పొట్లంతో ఇంటికి వచ్చాడు. వచ్చే నెల రేషను షాపు విషయమై పెద్ద రోడ్డు మీద అవరోధం పెట్టాలని కమిటీ తీర్మానించిందనీ, ఈలోగా బ్రేకు మళ్ళీ పట్టేసేలా చూడమనీ గోవిందరాజును కోరాడు.