ముందు లావు టైరు, వెనక సన్న టైరు

గుంతలున్న రోడ్డు భగవంతుడిచ్చిన వరం. నున్నటి రోడ్డు శాపం.

ఊరికే అనడం లేదు. పోయిన ఉగాదికి మా కాలనీ సంఘం వేసిన పుస్తకంలో ఇదే మాట రాసి, శాలువా కూడా కప్పించుకున్నాను. మీరే ఆలోచించండి! నున్నటి రోడ్డు మీద పోయే మనిషికి దేవుడు గుర్తొస్తాడా? అదే హైదరాబాద్ ఉప్పల్‌లో ఆటో ఎక్కి మా నాచారం లోపలి గల్లీల్లోకి రండి. ఎంతటి నాస్తికుడైనా మూడో కుదుపుకు "రామా" అంటాడు. గుళ్లో గంట కూర్చున్నా కుదరని ఏకాగ్రత, మూత లేని మ్యాన్‌హోల్ కనబడగానే కుదురుతుంది. యోగా క్లాసులు ఎందుకు దండగ? వెనక సీట్లో ఒక్కసారి మల్లాపూర్ దాకా పోయి వస్తే వెన్నుపూసలన్నీ వరసగా పేరు చెప్పి మరీ పలకరిస్తాయి!

విదేశాల్లో సైకిల్ పందేలు పెడతారట. కొంత తారు రోడ్డు, కొంత కంకర, కొంత బురద. అలాంటి దారి దొరక్క పాపం వాళ్లు కొండలూ పొలాలూ వెతుక్కుంటూ పోతారట. మనకా అవస్థ లేదు. అన్నీ గుమ్మం ముందే!

నమ్మకం కుదరకపోతే మా కాలనీ రామచంద్రయ్య సంగతి వినండి.

రామచంద్రయ్యది మూడో గల్లీ. యాభై ఆరేళ్లుంటాయి. మల్లాపూర్‌లో నట్లూ బోల్టులూ చేసే ఫ్యాక్టరీలో స్టోర్ చూసుకుంటాడు. పుట్టింది నాచారంలోనే. ఇప్పుడు గల్లీ ఉన్న చోట వాళ్ల తాత జొన్నలు వేసేవాడట. రామచంద్రయ్యకు రెండు అలవాట్లు. ఒకటి, డ్యూటీకి సైకిల్ మీదే పోవడం. రెండు, ఏ పనైనా దేవుణ్ణి అడిగి చేయడం.

అడగడమంటే మీరూ నేనూ అడిగినట్టు కాదు. రెండు చీటీలు రాసి, మడిచి, ఆంజనేయస్వామి పటం ముందు పళ్లెంలో పెడతాడు. ఆరేళ్ల మనవరాలు సిరి కళ్లు మూసుకుని ఒకటి తీస్తుంది. అందులో ఏముంటే అదే ఖాయం. ఇంటికి పచ్చరంగు వేసింది అట్లాగే. ఫ్రిజ్ కొన్నది అట్లాగే. భార్య రుక్కమ్మ మోకాలికి ఏ దవాఖానాలో ఆపరేషన్ చేయించాలో తేలింది కూడా అట్లాగే.

ఆపరేషన్ బాగానే జరిగింది. రుక్కమ్మ ఇల్లు చేరిన వారానికి పైపుల కోసం గల్లీ తవ్వారు. పైపులు వేశారు, మట్టి పోశారు. మట్టి కుంగింది, కంకర పోశారు. వానకు కంకర పోయింది, మట్టి తేలింది. ఎనిమిది నెలలు! ఆటోవాళ్లు గల్లీ మొగలోనే ఆపి, "గిటు రాదమ్మా" అని వెళ్లిపోతున్నారు. ప్రతి శనివారం గుడికి పోనిదే పచ్చి మంచినీళ్లు ముట్టని మనిషి రుక్కమ్మ. ఈ ఎనిమిది నెలలుగా గడప మీద నిలబడి, గుడి ఉన్న దిక్కుకు తిరిగి దండం పెట్టుకుంటోంది. రామచంద్రయ్య శనివారం పూట అటు చూడలేక సైకిల్ తుడుస్తూ కూర్చుంటాడు.

కాలనీలో నాలుగు గల్లీలు. నాలుగింటికీ ఇదే కళ. అర్జీల మీద అర్జీలు పెట్టగా పెట్టగా పైనుంచి ఒక గల్లీకి సిమెంటు రోడ్డు మంజూరైంది. ఒక్కదానికే! ఏ గల్లీకి? మీటింగ్ పెట్టారు. రెండు గంటలు అరుచుకున్నారు. చివరికి సంఘం అధ్యక్షుడు, రెండో గల్లీ నివాసి జనార్ధనరావు లేచాడు.

"లొల్లి వద్దు. సైకిల్ పందెం పెడదం. గల్లీకొక్కరు. గెలిచినోళ్ల గల్లీకే రోడ్డు."

చప్పట్లే చప్పట్లు! ఇంత ఆరోగ్యకరమైన పరిపాలన ఇంకెక్కడైనా ఉందా?

దారి కూడా అక్కడే ఖరారు చేశారు. కాలనీ గేటు నుంచి తారు రోడ్డు, మల్లాపూర్ ఫ్యాక్టరీల వెనక కంకర బాట, ఆ తర్వాత నల్లమట్టి, తిరిగి మూడో గల్లీ గుండా గేటు. మొత్తం ఎనిమిది కిలోమీటర్లు. ఒకటో గల్లీకి సాఫ్ట్‌వేర్ కుర్రాడు హృషికేశ్. రెండో గల్లీకి స్వయంగా జనార్ధనరావు. నాలుగో గల్లీకి పార్శిళ్లు అందించే మహిపాల్. మూడో గల్లీలో రోజూ సైకిల్ తొక్కేది ఒక్కడే మరి.

"ఈ వయసుల పందెమేంది సిరి తాతా?" అంది రుక్కమ్మ. "కింద పడ్డవంటే ఇద్దరం ఒకటే మంచంల పండాలె. చాయ పోసేటోళ్లు గూడ ఉండరు."

"నువ్వు గుడికి పోవాల్నా, వద్దా?"

రుక్కమ్మ లోపలికి పోయి ఆయన పాత బూట్లు వెతికి ఎండలో పెట్టింది.

ఇక అసలు చిక్కు మొదలైంది. టైరు!

హృషికేశ్ చక్రాలు వేలితో ఎత్తొచ్చు. టైరు పాము పిల్లంత సన్నం. మహిపాల్ టైర్లేమో పనసకాయలు. బొడిపెలు, గరుకు, లావు. మూడో గల్లీ పరువంతా ఇప్పుడు రామచంద్రయ్య చక్రాల మీద ఉంది కాబట్టి గల్లీలో ప్రతివాడూ టైర్ల పండితుడైపోయాడు. గాలి గట్టిగా కొట్టమని ఒకరు, సగమే కొట్టమని ఇంకొకరు. జన్మలో సైకిలెక్కని పక్కింటి శారదమ్మ కూడా, "టైరుకు జర కొబ్బరినూనె రాయి అన్నా, మెత్తగుంటది" అంది.

రామచంద్రయ్య శనివారం సెలవు పెట్టి, టైర్లు కొనడానికి ఉప్పల్ పోదామనుకున్నాడు. శనివారం ఇనుము కొనకూడదని గుర్తొచ్చింది. ఆదివారం దుకాణం బంద్. సోమవారం డ్యూటీ దిగి అక్కడి దుర్గేష్ సైకిల్ షాపుకు చేరాడు.

"తమ్మీ, ఏ టైరైతే మంచిగుంటది?"

"తారు మీదైతే సన్నది మస్తు ఉరుకుతది కాకా. కంకర తగిలిందనుకో, ఫట్! లావుది కంకర మీద రాజా. తారు మీదికొస్తే బర్రె లెక్క నడుస్తది."

"మరి రెండు తీర్ల రోడ్డుంటే?"

దుర్గేష్ చేతిలోని పానా కింద పెట్టి, వేలు పైకి చూపించాడు. "గదైతే దేవునికే తెల్వాలె కాకా."

రామచంద్రయ్యకు కావలసింది ఆ మాటే! ఇంటికొచ్చి, స్నానం చేసి, పూజ చేసి, 'సన్నది' అని ఒక చీటీ, 'లావుది' అని ఒక చీటీ రాసి పళ్లెంలో పెట్టాడు. సిరి కళ్లు మూసుకుని చెయ్యి పెట్టింది.

"తాతా, రెండొచ్చినయ్!"

పళ్లెంలో పంచామృతం ఒలికి ఉంది. తేనె అంటుకుని చీటీలు రెండూ జంటగా లేచాయి.

"కడిగి మళ్ల పెట్టు," అంది రుక్కమ్మ.

రామచంద్రయ్య తల అడ్డంగా ఊపాడు. "ఒకసారి చెప్పినంక మళ్ల అడుగుడంటే స్వామి మాట నమ్మనట్టే గద. రెండన్నడు. రెండేస్త."

మర్నాడు దుర్గేష్ నవ్వీ నవ్వీ స్టూలు మీంచి జారాడు. కానీ గిరాకీ గిరాకే. ముందు లావు చక్రం, వెనక సన్న చక్రం బిగించాడు. ముందుది లావే గానీ ఎత్తు తక్కువ. వెనకది సన్నమే గానీ ఎత్తు ఎక్కువ. బిగించి నిలబెట్టేసరికి సైకిల్ వెనక లేచి, ముందుకు వంగి, ఎదుటివాళ్లకు దండం పెడుతున్నట్టు తయారైంది.

"ముందటి బ్రేకు అందుతలేదు కాకా. తీసేసిన."

"ఏం ఫికర్ లేదు. దేవుడున్నడు."

పందెం రోజు పొద్దున్నే కాలనీ గేటు దగ్గర ఇసుక వేస్తే రాలని జనం. నాలుగు సైకిళ్లకూ పసుపు, కుంకుమ. టైర్ల కింద నిమ్మకాయలు. దండం పెడుతున్న సైకిల్‌ను చూసి మహిపాల్, "కాకా, నీ సైకిల్ ముందే ఓటమి ఒప్పుకున్నదే!" అన్నాడు. అందరూ నవ్వారు. రామచంద్రయ్యా నవ్వాడు.

విజిల్ ఊదగానే హృషికేశ్ నిమ్మకాయ నలిగేలోపే మాయమయ్యాడు. తారు రోడ్డంతా అతనిదే. కంకర బాట ఎక్కాడో లేదో, దుర్గేష్ చెప్పిన శబ్దం వచ్చింది. ఫట్! అక్కడి నుంచి మహిపాల్ రాజ్యం. పనసకాయలు కంకర మీద దూసుకుపోయాయి. నల్లమట్టిలో దిగాక బొడిపెల మధ్య మట్టి పట్టింది. పట్టి, పెరిగి, చక్రాలు రెండూ పిండి ముద్దల్లా అయిపోయాయి. దిగి పుల్లతో గీక్కుంటూ కూర్చున్నాడు. రామచంద్రయ్య ఆంజనేయ దండకం చదువుకుంటూ వెనక నుంచి వచ్చాడు. ముందు లావు టైరు బురద మీద దారి చూపుతోంది. వెనక సన్న టైరు ఆ దారిలో కత్తిలా కోసుకుంటూ వస్తోంది. చూశారా చీటీల మహిమ!

మహిపాల్ ఊరుకుంటాడా? మట్టి గీకి, తరుముకొచ్చి, మూడో గల్లీ మొగలో మళ్లీ ముందుకు పోయాడు. కానీ అది మూడో గల్లీ. అక్కడ టైరుతో పని లేదు, జ్ఞాపకంతో పని. ట్యాంకు దగ్గర ఎడమ. మ్యాన్‌హోల్ దగ్గర కుడి. శారదమ్మ ఇంటి ముందు వేసిన చెక్క మీంచి నేరుగా. ఎనిమిది నెలలు రోజుకు రెండుసార్లు చేసిన పారాయణం! చెక్క సంగతి తెలియని మహిపాల్ దాని పక్కనున్న గుంతలో నడుముదాకా కూర్చుండిపోయాడు.

గడప మీద నిలబడ్డ రుక్కమ్మ అరిచింది. "ప్యాంటు గొలుసుల పడ్తది, మడువు!"

ఆయన మడవలేదు. తన ఇల్లు దాటేసి, ముందు బ్రేకు లేక గేటు కూడా దాటేసి, పూలదండ పట్టుకుని నిలబడ్డవాళ్లను దాటేసి, కిరాణా కొట్టు బస్తాలను గుద్ది ఆగాడు. గెలిచాడు! హృషికేశ్ సైకిల్ మోసుకుంటూ, మహిపాల్ బురదోడుతూ గేటు చేరారు. అందరికంటే ఆఖరున జనార్ధనరావు, నలభై నిమిషాల తర్వాత, మధ్యలో చాయ్ తాగి, ఫోన్లు మాట్లాడుకుని, తీరిగ్గా వచ్చాడు.

సాయంత్రం సన్మానం. జనార్ధనరావు మైకు అందుకున్నాడు.

"రామచంద్రన్నను ఎవరు గెలిపించిన్రు? టైరా? కాదు! మూడో గల్లీ గుంతలు! గసుంటి గల్లీ మీద సిమెంటు పోస్తే మన చాంపియన్ ఏం గావాలె? గందుకని మూడో గల్లీని ఇయ్యాల్టి నుంచి సంఘం శిక్షణ మైదానంగా ప్రకటిస్తున్న. ఒక్క రాయి గూడ కదిలియ్యొద్దు! ఇగ రోడ్డంటరా, పాపం, ఆఖరుకొచ్చిన గల్లీకి ఇద్దాం. గా గల్లీలనే దమ్ము లేదు."

ఆ పైన జేబులోంచి సంఘం పుస్తకం తీసి చదివాడు. "మన పెద్దమనిషి రాసిండు, ఇనున్రి. 'గుంతలున్న రోడ్డు భగవంతుడిచ్చిన వరం. నున్నటి రోడ్డు శాపం.' గా శాపం మా గల్లీ మోస్తది!"

చప్పట్లు మోగాయి. భుజం మీద శాలువాతో రామచంద్రయ్య కూడా రెండు చప్పట్లు కొట్టాడు. మూడోది కొట్టబోతూ ఆగిపోయాడు.

పదిహేను రోజుల్లో రెండో గల్లీకి సిమెంటు రోడ్డు పడింది. చెప్పడం మరిచాను, నేనుండేది కూడా రెండో గల్లీలోనే. అద్దంలా ఉంది. ఆటో సరిగ్గా మా గుమ్మం ముందే ఆగుతోంది.

మొన్న శనివారం పొద్దున నేను గేటు తీసేసరికి వాళ్లిద్దరూ ఉన్నారు. వంగి ఉన్న సైకిల్ హ్యాండిల్ రామచంద్రయ్య చేతుల్లో. వెనక ఎత్తుగా లేచిన క్యారియర్‌ను కర్రలా పట్టుకుని రుక్కమ్మ. మూడో గల్లీ రాళ్లన్నీ అట్లాగే దాటుకుంటూ మా గల్లీకి వచ్చిందట, ఆటో ఇక్కడికైతే వస్తుందని. నుదుటన చెమట, చేతిలో పూలబుట్ట. నన్ను చూసి నవ్వింది.

"మంచిగున్నరా అన్నా? మీరు రాసింది సిరితోని చదివిపిచ్చుకున్న. గుంతలు గంత మంచియైతే, మా గల్లీయి ఓ రెండు మీ ఇంటి ముందట ఏసుకోరాదే?"

వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగింది. అంతలో ఆటో వచ్చింది. ఎక్కి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం నేనూ పూజగదిలో పళ్లెం పెట్టుకుని కూర్చున్నాను. ఒక చీటీ మీద 'తప్పు నాదే' అని రాశాను. రెండోదాని మీద ఏం రాయాలో ఇంకా తోచడం లేదు.