పోస్టుమాస్టారు చుట్టిన ఉండ

ఆ రోజు పొద్దున పోస్టుమాస్టారు పెట్టుకున్న పనులు మూడే: గడ్డం గీసుకోవడం, స్నానం చేయడం, మధ్యాహ్నం భార్యతో వదినగారింటికి వెళ్ళడం. వదినగారంటే భార్యకి అక్క. ఆవిడ మనవరాలికి ఇవ్వడానికని మాస్టారి భార్య నాలుగు నెలలుగా క్రోషేతో ఊలు దుప్పటి అల్లుతోంది. ఇంతకుముందు మొదలుపెట్టినవన్నీ సగంలోనే మూలపడ్డాయి. "నీ దుప్పటి వచ్చేసరికి పిల్ల కాలేజీకి వెళ్తుందే" అని అక్క వెక్కిరించింది కూడా. అందుకే ఈసారి పంతం పట్టింది. ఇంకొక్క వరసే మిగిలింది.

తీరా గడ్డం గీసుకోబోతే వాష్‌బేసిన్‌లో నీళ్ళు దిగడం లేదు. మాస్టారు అటూ ఇటూ చూశారు. కుర్చీలో దుప్పటి, దాని చివరి కుట్టులో వంకీ తిరిగిన మొనతో క్రోషే సూది కనిపించాయి. "ఇది ఇందుకే పుట్టినట్టుంది" అనుకుంటూ లాగారు. బేసిన్‌లో ఇరుక్కున్న వెంట్రుకల ముద్ద బయటికొచ్చింది, నీళ్ళు గడగడా దిగాయి. సూది లాగిన ఊపుకి, దుప్పటి అల్లుతున్న ఊలు ఉండ మాత్రం కుర్చీ దిగి, గుమ్మం దాటి, మెట్ల మీదుగా దొర్లుతూ కింది వాటా టైలరు కాళ్ళ దగ్గర ఆగింది.

ముప్ఫయ్యేళ్ళు పార్సిళ్ళు కట్టిన చేతులవి. వదులుగా పడున్న దారం చూస్తే ఊరుకోవు. మాస్టారు కింది మెట్టు మీద తీరిగ్గా కూర్చుని చుట్టడం మొదలుపెట్టారు. దారం పైనుంచి వస్తూనే ఉంది.

"ఏమండీ, నా ఊలు జాగ్రత్త!" స్నానాలగది కిటికీలోంచి భార్య కేకేసింది.

"ఆ పనిమీదే ఉన్నా!"

"ఇది తెమిలేలా లేదు మాస్టారూ," అన్నాడు టైలరు దారం అందిస్తూ.

"మా ఆవిడ ఏం కొన్నా అంతేనయ్యా, వీధికి సరిపడా కొంటుంది."

పుచ్చకాయంత ఉండతో మాస్టారు గర్వంగా మెట్లెక్కారు. ఖాళీ కుర్చీ ముందు, తడి తలతో భార్య నిలబడి ఉంది.

"దుప్పటేదండీ?"

మాస్టారు కుర్చీని చూశారు, చేతిలో ఉండని చూశారు.

"ఇందులోనే... ఉంది."

ఆవిడ కుర్చీలో కూలబడింది. "అక్క ముందు తలెలా ఎత్తుకోనండీ?" అంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఈ ఉండ చూపించి తప్పు నాదని నేనే చెప్తాలే," అన్నారు మాస్టారు. నిజంగానే బాధపడుతున్నారు.

వదినగారింట్లో హాలు నిండా జనం. నడిపించాలని రెండు వారాలుగా ఇంటిల్లిపాదీ బతిమాలుతున్నా కదలని మనవరాలు మధ్యలో చతికిలబడి ఉంది.

"వచ్చావా! దుప్పటేదే?" అంది అక్క.

మాస్టారు గొంతు సవరించుకునేలోపే సంచిలోంచి ఉండ జారి దొర్లింది. పిల్ల దాన్ని చూసింది. సోఫా పట్టుకుని లేచింది. ఒక అడుగు, రెండు, అయిదు! ఉండ మీద బోర్లాపడి కిలకిలా నవ్వింది. హాలంతా చప్పట్లు.

"ఇన్ని బొమ్మలు కొన్నా కదల్లేదే! ఇలాంటి కానుక నీకు తప్ప ఎవరికి తోస్తుందే తల్లీ!" అక్క చెల్లెల్ని గట్టిగా కావలించుకుంది.

భార్య నిదానంగా తలెత్తింది. "అంతా నేనే చేశానని కాదక్కా," అంది ముసిముసిగా నవ్వుతూ. "చుట్టింది ఈయనే."

మర్నాడు మాస్టారు స్వయంగా బజారుకెళ్ళి రెండు క్రోషే సూదులు తెచ్చారు, దుప్పటికొకటి, వాష్‌బేసిన్‌కొకటి.