మూడు ఫ్యాన్ల మేధావి

ఆదివారం పొద్దున్నే మేధావి గ్రాఫిక్స్ కార్డు కొనడానికి తయారయ్యాడు. ఆ పేరు పెట్టింది బావమరిది. బీమా ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తూ, ఒక మిక్సీ కోసం నలభై రోజులు పరిశోధన చేసి, నలభై ఒకటో రోజున ఆ రకం తయారీ ఆగిపోయిందని తెలుసుకున్న మనిషికి ఇంకేం పేరు పెడతారు?

కంప్యూటరు అతనిది కాదు, భార్యది. ఆమె బడిలో లెక్కలు చెబుతుంది. సాయంత్రాలు ఇంట్లో కంప్యూటరు మీద కార్ల పందెం ఆడుతుంది. ఆన్‌లైన్ పోటీలో మూడు నెలల పాటు వందల మందిని దాటుకుంటూ చివరి పన్నెండు మందిలోకి వచ్చింది. ఆఖరి పందెం ఆ రోజే, సాయంత్రం నాలుగింటికి. సరిగ్గా శుక్రవారం నాడు, ఆట బొమ్మల్ని తెర మీదికి తెచ్చే పాత కార్డు కాలిపోయింది. అప్పటి నుంచి మేధావి నోటికి తాళం లేదు.

"రిఫరెన్స్ కార్డంటే ఏమిటి? చిప్పు చేసిన కంపెనీ తన నమూనా ప్రకారం చేసేది. దానికి ఒక్కటే ఫ్యాను! అదే చిప్పుకి వేరేవాళ్ళు మూడేసి ఫ్యాన్లు బిగించి అమ్ముతున్నారు. ఒకటి ఎక్కువా, మూడు ఎక్కువా?"

"మూడే ఎక్కువండీ. లెక్కల టీచర్ని, ఆ మాత్రం తెలుసు" అంది భార్య. "వెళ్ళి నిదానంగా అన్నీ చూసి రండి. తొందరేం లేదు."

నాలుగింటికి పందెం పెట్టుకుని తొందర లేదంటుందేమిటని ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు. మేధావి చెప్పులేసుకున్నాడు.

దుకాణం నడిపే ఆమె రెండు రకాలూ ముందు పెట్టి, "మీ క్యాబినెట్, అదే కంప్యూటరు పెట్టె, లోపల పొడవెంతండీ?" అని అడిగింది.

మేధావికి ఒళ్ళు మండింది. "కొలతలు దేనికండీ? నేను చొక్కా కుట్టించుకోవడానికి రాలేదు."

"అది కాదండీ. పెద్ద క్యాబినెట్ అయితే మూడు ఫ్యాన్లది బాగుంటుంది, చప్పుడూ తక్కువే. చిన్నదైతే వేడంతా లోపలే తిరుగుతుంది. అప్పుడు ఒంటి ఫ్యానుదే నయం, వేడిని వెనక నుంచి బయటకు తోసేస్తుంది."

విషయం రెండు ముక్కల్లో తేలిపోయింది. కానీ ఇంకొకరు తేల్చిన విషయం మేధావికి గిట్టదు. అమ్ముడుపోని సరుకు తనకు అంటగట్టాలని చూస్తోందని గ్రహించి, వెంటనే మూడు ఫ్యాన్లది కొనేశాడు. మిక్సీకి నలభై రోజులు తీసుకున్న మనిషి దీనికి పావుగంట తీసుకున్నాడు. కొంప మునిగింది అక్కడే.

ఇంటికొచ్చేసరికి భార్య బడిలో ప్రత్యేక తరగతికి వెళ్ళి ఉంది. మూడున్నరకు గానీ రాదు. ఆమె వచ్చేలోగా అంతా సిద్ధం చేసి నోరెళ్ళబెట్టేలా చేయాలనుకున్నాడు. క్యాబినెట్ తెరిస్తే లోపల నల్లగా, ఒంటి ఫ్యానుతో ఒక కార్డు కనిపించింది. "చచ్చింది ఇదన్నమాట" అని పీకేశాడు. దాని మీద చిటికెడు దుమ్ము లేదు. అంచున అంటించిన ప్లాస్టిక్ పొర కూడా ఇంకా ఊడలేదు. భార్య శుభ్రతను మనసులోనే మెచ్చుకున్నాడు. ఒక్కసారి ఆన్ చేసి చూసినా సంగతి తెలిసేది. కాకపోతే అంత చిన్న పని మేధావులు చేయరు.

కొత్త కార్డు లోపల పట్టలేదు. నాలుగు వేళ్ళ పొడవు ఎక్కువైంది. తప్పు క్యాబినెట్‌దని నిర్ణయించి, రంపం తెచ్చి దాని ముఖానికి కిటికీ కోశాడు. కార్డు ముక్కు అందులోంచి బయటికొచ్చింది గానీ, బరువుకి కిందికి వాలింది. బల్ల మీదున్న రెండు లెక్కల పుస్తకాలు లాగి, వాటి మీద చచ్చిన కార్డును నిలబెట్టి ఆ ముక్కుకు ఆసరా ఇచ్చాడు.

స్విచ్ వేస్తే రంగురంగుల దీపాలు వెలిగాయి, మూడు ఫ్యాన్లూ తిరిగాయి, టప్పుమని అన్నీ ఆగిపోయాయి. మళ్ళీ వేశాడు, మళ్ళీ టప్. వేడెక్కుతోందని తేల్చుకుని, మూడు ఫ్యాన్లకు తోడుగా నాలుగోదిగా టేబుల్ ఫ్యాను తెచ్చి పూర్తి వేగంతో పెట్టాడు. లెక్కల పుస్తకాలు అంతవరకూ బల్ల మీద ఊరికే లేవు. గది కిటికీ పక్కనున్న నలభై రెండు జవాబు పత్రాలకు బరువుగా ఉన్నాయి. ఆ పత్రాలు ఒక్కొక్కటే కిటికీ దాటి, మేడ కిందున్న వీధిలోకి పోయాయి. మేధావి వీపు అటువైపు ఉంది.

మూడు ముప్పై ఐదుకి భార్య లోపలికొచ్చింది. చేతినిండా మట్టికొట్టుకున్న కాగితాలున్నాయి. వెనకాల ఆమె తమ్ముడు ఇంకొన్ని పట్టుకొచ్చాడు. కంప్యూటర్లు బాగుచేసేవాడు, పందెం చూద్దామని వచ్చాడు.

"నా పిల్లల పేపర్లు వీధిలో ఎగురుతున్నాయేంటండీ?" అంటూనే ఆమె బల్ల వైపు చూసింది.

"అక్కా, నిన్న మనం పెట్టిన కార్డేదే?" అన్నాడు తమ్ముడు.

"నిన్న పెట్టిందా?" అన్నాడు మేధావి.

"నిన్న మీరు లైబ్రరీకెళ్ళి కార్డుల గురించి చదువుతుంటే, తమ్ముడొచ్చి బిగించి వెళ్ళాడు. మీకు చెబితే పందెం మొదలయ్యేదాకా ఉపన్యాసమిస్తారు. అందుకే నిదానంగా చూసి రమ్మన్నా. ఏనాడైనా వెళ్ళిన రోజే ఏదైనా కొన్నారా మీరు?" "మూడు నెలలండీ! రోజూ వంట ముగించి, పేపర్లు దిద్ది, అప్పుడు కూర్చునేదాన్ని." కళ్ళు తుడుచుకుంది.

"దొరికింది అక్కా" అని బల్ల మీదకి వంగాడు తమ్ముడు. "బావ దీన్ని స్తంభం చేశాడు. ఇంత పెద్ద కార్డుకి ఈ పెట్టెలో కరెంటు సరిపోదు బావా, అందుకే ఆగిపోతోంది. వేడీ లేదు, గీడీ లేదు. అవతలికి జరుగు."

ఒంటి ఫ్యాను కార్డు పదిహేను నిమిషాల్లో మళ్ళీ దాని చోటికి చేరింది. కోసిన కిటికీకి తమ్ముడు అట్టముక్క అంటించాడు. తెర వెలగగానే ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది.

"మొత్తం నలభై రెండు పేపర్లు" అంది మొగుడి వైపు చూడకుండా. "ఒక్కటి తగ్గినా పైకి రావద్దు."

నలభై రెండోది ఆగి ఉన్న వ్యాను కింద దొరికింది. మేధావి బోర్లా పడుకుని దాన్ని అందుకుంటుండగా పైన అక్కా తమ్ముళ్ళ కేకలు వినిపించాయి. ఆమె నెగ్గింది.

సోమవారం ఆఫీసులో మేధావి టీ గ్లాసు పట్టుకుని అందరినీ చుట్టూ నిలబెట్టుకున్నాడు. "మూడు ఫ్యాన్లని చూసి మోసపోకండి. రెండు రకాలూ ఇంట్లో స్వయంగా పరీక్షించాను. ఒంటి ఫ్యానుదే! మా ఆవిడ ఊరికే నెగ్గిందా?"

సాయంత్రం మూడు ఫ్యాన్ల కార్డును అట్టపెట్టెలో సర్దుకుని, వెనక్కి తీసుకోమని దుకాణానికి వెళ్ళాడు. దుకాణం ఆమె సొరుగు లాగి, కొలిచే టేపు తీసి అతని ముందు పెట్టింది.